ఐ9-14900కె ఓవర్‌క్లాకింగ్: స్పీడు పెంచాలంటే ముందు వోల్టేజీ తగ్గించండి

మీ ప్రశ్న ఇది: ఐ9-14900కె ప్రాసెసర్, జెడ్790 మదర్‌బోర్డ్, 360 మిల్లీమీటర్ల రేడియేటర్ ఉన్న లిక్విడ్ కూలర్, 64 జీబీ డీడీఆర్5 ర్యామ్ ఉన్నాయి. బ్లెండర్‌లో రెండరింగ్, వీడియో ఎడిటింగ్ మీ పని. గదిలో ఏసీ లేదు. పీ-కోర్లన్నిటినీ (వేగంగా నడిచే పెద్ద కోర్లు) ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన వేగం దాటించి, 6.2 గిగాహెర్ట్జ్‌లో నడపాలని ఉంది, ప్రాసెసర్ పాడవకుండా అది సాధ్యమా అని అడిగారు.

నేరుగా చెబుతాను. 6.2 గిగాహెర్ట్జ్ ఆలోచన వదిలేయండి. మీ చిప్‌కు సురక్షితమైన ఓవర్‌క్లాకింగ్ అంటే వోల్టేజీని కొంచెం కొంచెంగా తగ్గించడం. తాజా బయోస్ (మదర్‌బోర్డ్ లోపలి సాఫ్ట్‌వేర్) వేయండి, పవర్ పరిమితిని 253 వాట్ల దగ్గర కట్టేయండి, ఆ తర్వాత వోల్టేజీ తగ్గించండి. అలా మిగిలిన వెసులుబాటును ప్రాసెసర్ తనంతట తానే స్పీడుగా మార్చుకుంటుంది. మల్టిప్లయర్‌ను (కోర్ల స్పీడును నిర్ణయించే గుణకం) ముట్టుకోవాల్సిన పనే లేదు.

వీడియో స్టూడియోలకు, ఆర్కిటెక్టుల ఆఫీసులకు వర్క్‌స్టేషన్లు కట్టి ఇవ్వడం నా వృత్తి. వారం రోజుల రెండర్ మధ్యలో మిషన్ ఆగిపోతే ఆ ఫోను నాకే వస్తుంది. అందుకే ఇక్కడ రాసేదంతా రోజూ పని చేయాల్సిన మిషన్ గురించే. ద్రవ నైట్రోజన్ పోసి రికార్డులు కొట్టేవాళ్ల లెక్క పూర్తిగా వేరు.

6.2 ఎందుకు వద్దు? 2024 మార్చిలో ఇంటెల్ 14900కెఎస్ అనే చిప్ విడుదల చేసింది. మీ చిప్ లాంటిదే, కాకపోతే ఉత్పత్తి అయిన వాటిలో మేలైనవాటిని ఏరి కట్టిన రకం. అంత ఏరినా ఇంటెల్ దానికి 6.2 గిగాహెర్ట్జ్‌ను గరిష్ఠ టర్బోగా (పరిస్థితి అనుకూలిస్తే చిప్ తనంతట తాను అందుకునే వేగం) మాత్రమే ఇచ్చింది. అదీ ఒకటి రెండు కోర్ల మీద పని ఉన్నప్పుడు, ఉష్ణోగ్రత అనుకూలిస్తేనే. తయారుచేసిన కంపెనీ తన ఉత్తమ చిప్‌లో రెండు కోర్లకు ఇచ్చిన వేగాన్ని మీరు మామూలు చిప్‌లో ఎనిమిది కోర్లకూ గంటల తరబడి అడుగుతున్నారు.

ఇస్తుందనే అనుకుందాం, దానికి చెల్లించే ధర చూడండి. ప్రాసెసర్ తినే విద్యుత్తు స్పీడును బట్టి పెరుగుతుంది, వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్) బట్టి కూడా పెరుగుతుంది. స్పీడు పది శాతం, దాని కోసం వోల్టేజీ పది శాతం పెంచితే విద్యుత్తు 33 శాతం పెరుగుతుంది. అదంతా వేడిగానే బయటికి రావాలి. రెండరింగ్‌లో మీ పీ-కోర్లు ఇప్పటికే 5.5 గిగాహెర్ట్జ్‌కు అటూఇటూగా నడుస్తుంటాయి. ఈ-కోర్ల (తక్కువ విద్యుత్తుతో నడిచే చిన్న కోర్లు) వాటా కూడా లెక్కలోకి తీసుకుంటే, 6.2 నిలబడినా గంట పట్టే రెండర్ నాలుగైదు నిమిషాలు ముందుగా ముగుస్తుంది, అంతే.

ఇంకో సంగతి. బ్లెండర్‌లో సైకిల్స్ (రెండరింగ్ చేసే భాగం) మీ గ్రాఫిక్స్ కార్డు మీద నడుస్తోందో, ప్రాసెసర్ మీద నడుస్తోందో ముందు చూడండి. కార్డు మీద నడుస్తుంటే ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ వల్ల రెండర్ సమయం దాదాపు మారదు. ఆ డబ్బూ శ్రమా కార్డు మీద పెట్టడం మేలు.

ఓవర్‌క్లాకింగ్ ఒకప్పుడు నిజంగానే లాభసాటి. 1998 నాటి 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ సెలెరాన్ 300ఏ ని, దాని వేగానికి ఆధారమైన బస్ స్పీడు 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మార్చి, 450 మెగాహెర్ట్జ్‌లో నడిపినవాళ్లు ఎందరో. 2011లో వచ్చిన ఐ7-2600కె 3.4 గిగాహెర్ట్జ్ బేస్ స్పీడుతో వచ్చి, మామూలు కూలర్‌తోనే 4.5 అందుకునేది. అప్పట్లో కంపెనీలు చిప్‌లో చాలా మిగులు వదిలేసేవి. ఇప్పుడు ఆ మిగులును టర్బో పేరుతో కంపెనీలే పిండి అమ్ముతున్నాయి. మనకు మిగిలింది ఒక్కటే. ఒక మోడల్ చిప్‌లలో బలహీనమైన దానికి కూడా సరిపోయేలా ఫ్యాక్టరీలో వోల్టేజీ కాస్త ఎక్కువ పెడతారు. మీ చిప్‌కు అంత అవసరం ఉండకపోవచ్చు. ఆ తేడాను వెనక్కి తీసుకోవడమే ఈ రోజు ఓవర్‌క్లాకింగ్.

మీ చిప్‌కు ఉన్న ప్రత్యేక సమస్య. 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో కొన్ని కాలక్రమంలో అస్థిరంగా మారడం 2024లో పెద్ద వార్త అయింది. ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ వేడి కలిసి కోర్‌లోని క్లాక్ సర్క్యూట్‌ను ముందే ముసలిదాన్ని చేస్తున్నాయని ఇంటెల్ చెప్పింది. ఆ స్థితికి వచ్చిన చిప్ అదే స్పీడుకు మునుపటి కన్నా ఎక్కువ వోల్టేజీ అడుగుతుంది. దీనికి విరుగుడుగా మైక్రోకోడ్‌లు (బయోస్‌తో పాటు వచ్చే, ప్రాసెసర్ లోపల నడిచే ప్రోగ్రాములు) వరుసగా వచ్చాయి. 2024 ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 చిప్ 1.55 వోల్టులకు మించి అడగకుండా కట్టడి చేసింది. సెప్టెంబరులో వచ్చిన 0ఎక్స్12బి ఖాళీగా ఉన్నప్పుడు, తేలిక పనుల్లో అడిగే అధిక వోల్టేజీని కూడా సరిచేసింది. 2025 మేలో 0ఎక్స్12ఎఫ్ వచ్చింది. ఇది తేలికపాటి పనులతో రోజుల తరబడి ఆపకుండా నడిచే మిషన్ల కోసం.

కాబట్టి మీ మొదటి పని బయోస్ అప్‌డేట్. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో మైక్రోకోడ్ సంఖ్య కనిపిస్తుంది, చూసుకోండి. ఇప్పటికే జరిగిన అరుగుదలను ఏ అప్‌డేటూ వెనక్కి తీసుకురాలేదు. మీ చిప్ పాత బయోస్‌తో ఏడాది పాటు నడిచి ఉంటే ముందు డిఫాల్ట్ సెట్టింగుల్లోనే దాని ఆరోగ్యం పరీక్షించండి. పెద్ద జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు సీఆర్‌సీ ఎర్రర్ (ఫైలు చెడిందనే హెచ్చరిక) రావడం, గ్రాఫిక్స్ డ్రైవర్ ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోవడం, కార్డులో మెమరీ బోలెడంత ఉన్నా గేములు వీడియో మెమరీ చాలడం లేదని మూసుకుపోవడం దాని లక్షణాలు. డిఫాల్ట్‌లోనే ఇవి కనిపిస్తే అక్కడే ఆగిపోయి వారంటీకి వెళ్లండి. ఈ రెండు తరాల చిప్‌లకు ఇంటెల్ వారంటీని అదనంగా రెండేళ్లు పొడిగించింది. బాక్స్‌లో కొన్నవాటికి మొత్తం ఐదేళ్లు. ట్రే చిప్ (బాక్స్ లేకుండా విడిగా అమ్మినది) అయితే అమ్మినవాళ్లనే అడగాలి. బిల్లు భద్రంగా పెట్టుకోండి.

బయోస్‌లో ఏం చేయాలి. చాలా మదర్‌బోర్డులు ఒకప్పుడు పవర్ పరిమితిని 4096 వాట్లుగా పెట్టి వచ్చేవి. అంటే పరిమితే లేదన్నమాట. కొత్త బయోస్‌లో ‘ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్’ అనే ప్రొఫైల్ ఉంటుంది, అది ఎంచుకోండి. తర్వాత పీఎల్1, పీఎల్2 (దీర్ఘకాలపు, కొద్దిసేపటి పవర్ పరిమితులు) రెండూ 253 వాట్లని, కరెంటు పరిమితి 307 ఆంపియర్లని ఉన్నాయో లేదో చూడండి. ఈ కరెంటు పరిమితి ఎట్టి పరిస్థితిలోనూ 400 దాటకూడదని ఇంటెల్ మాటే. పరిమితి ఎత్తేసి 320, 330 వాట్లు తిననిస్తే రెండరింగ్‌లో వచ్చే అదనపు లాభం నాలుగైదు శాతం లోపే. దానికోసం మరో 70 వాట్ల వేడిని ఏసీ లేని గదిలో భరించడం ఎందుకు?

ఇప్పుడు వోల్టేజీ. స్థిరమైన వోల్టేజీ పెట్టే పద్ధతి వద్దు. అందులో ఖాళీగా ఉన్నప్పుడు కూడా చిప్ మీద అంతే వోల్టేజీ నిలిచి ఉంటుంది. అడాప్టివ్ మోడ్ (పనిని బట్టి వోల్టేజీ మారే పద్ధతి) ఎంచుకుని, నెగెటివ్ ఆఫ్‌సెట్ (చిప్ అడిగే వోల్టేజీలోంచి తగ్గించే మొత్తం) ఇవ్వండి. 25 మిల్లీవోల్టులతో మొదలుపెట్టండి. పరీక్షించండి, నిలబడితే మరో పది తగ్గించండి. నా చేతికి వచ్చిన చిప్‌లలో ఎక్కువ భాగం 50 నుంచి 80 మధ్య ఎక్కడో ఆగాయి. వంద దాటి కూడా నిక్కచ్చిగా నిలిచినవి తక్కువ. నెట్‌లో ఎవరో 150 తగ్గించామని రాస్తే అది వాళ్ల చిప్. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు చిప్‌లు కూడా ఒకేలా ఉండవు.

ఎక్కడ అస్థిరత మొదలైందో కనుక్కున్నాక కనీసం 15, 20 మిల్లీవోల్టులు వెనక్కి రండి. ఈ వెనకడుగు వేసినవాళ్లకే రెండేళ్ల తర్వాత కూడా మిషన్ మాట వింటుంది. చిప్ వయసుతో పాటు కొద్దిగా అరుగుతుంది, కూలర్‌లో దుమ్ము చేరుతుంది, ఎండాకాలం వస్తుంది. వీటన్నిటికీ చోటు ఉండాలి.

దీనితోపాటు ‘ఐఏ వీఆర్ వోల్టేజ్ లిమిట్’ అనే సెట్టింగ్ ఉంటే 1400 మిల్లీవోల్టులు ఇవ్వండి. ఇది చిప్ అడగగలిగే వోల్టేజీకి పైకప్పు. 6.0 గిగాహెర్ట్జ్ టర్బో కోసం ఒకటి రెండు కోర్లు అడిగే ఎత్తైన వోల్టేజీయే ఈ చిప్‌ను ఎక్కువగా అరగదీస్తుంది. పైకప్పు పెడితే ఆ టర్బో 5.8 దగ్గరో, 5.9 దగ్గరో ఆగవచ్చు. రెండరింగ్‌లో మీకు తేడా కనిపించదు, ఎడిటింగ్‌లో ఉన్నా గుర్తుపట్టలేరు. ఆయుష్షు పెంచే సెట్టింగ్ ఒక్కటే చెప్పమంటే నేను దీని పేరే చెబుతాను.

లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ను (బరువు పడినప్పుడు వోల్టేజీ ఎంత కుంగాలో నిర్ణయించే సెట్టింగ్) చివరి లెవెల్‌కు తోయమని చాలామంది సలహా ఇస్తారు. వద్దు. బరువు పడినప్పుడు వోల్టేజీ కాస్త కుంగడం డిజైన్‌లో భాగమే. ఆ కుంగుబాటును పూర్తిగా చదును చేస్తే, బరువు ఒక్కసారిగా తీసేసిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగురుతుంది. సెకనులో అతి చిన్న భాగంలో జరిగే ఆ ఎగురుడును సాఫ్ట్‌వేర్ చూపించదు, ఆసిల్లోస్కోప్ పెడితేనే తెలుస్తుంది. మదర్‌బోర్డ్ డిఫాల్ట్ ఎంతుంటే అంతే ఉంచండి.

వోల్టేజీ తగ్గించాక స్పీడు అంతే కనిపిస్తూ సినీబెంచ్ (ప్రాసెసర్ వేగాన్ని కొలిచే పరీక్ష) స్కోరు మాత్రం పడిపోతే, సీఈపీ అనే రక్షణ వ్యవస్థ అడ్డుపడుతోందని అర్థం. వోల్టేజీ తను అనుకున్నదానికన్నా తక్కువగా ఉందని గ్రహించి అది కోర్ల వేగాన్ని లోలోపల తగ్గిస్తుంది. చాలామంది దాన్ని ఆపేస్తారు. నేను ఆపను. ఆఫ్‌సెట్‌ను ఒక మెట్టు వెనక్కి తెస్తాను. ప్రతి మార్పుకూ స్కోరు రాసి పెట్టుకోమని చెప్పేది ఇందుకే.

పరీక్షలో చాలామంది మోసపోయే చోటు. హైదరాబాదులో ఒక వీడియో ఎడిటర్ తానే అండర్‌వోల్ట్ చేసుకుని (వోల్టేజీ తగ్గించుకుని) మిషన్ నా దగ్గరికి తెచ్చారు. సినీబెంచ్ రాత్రంతా నడిచినా ఏమీ కాలేదు, కానీ బ్రౌజర్ తెరిచి ఊరికే కూర్చుంటే హ్యాంగ్ అవుతోందని ఫిర్యాదు. ర్యామ్ మీద, విండోస్ మీద అనుమానపడి రెండూ మార్చేశారు. కారణం చాలా సూటిగా ఉంది. అన్ని కోర్ల మీదా బరువు పడినప్పుడు పవర్ పరిమితి వల్ల స్పీడు 5.3, 5.4కి దిగుతుంది, అక్కడ వోల్టేజీ సరిపోతుంది. పని తేలికగా ఉన్నప్పుడు ఒకటి రెండు కోర్లు 6.0కి దూసుకెళ్తాయి, అక్కడ వోల్టేజీ చాలడం లేదు. భారీ పరీక్షలు ఆ 6.0 బిందువును ఎప్పుడూ తాకవు. ఆఫ్‌సెట్ కాస్త వెనక్కి తెచ్చాక ఆ హ్యాంగ్ మళ్లీ రాలేదు.

అందుకని రెండు రకాల పరీక్షలూ కావాలి. భారీ బరువుకు సినీబెంచ్ ఆర్23 అరగంట, తర్వాత ఓసీసీటీ గానీ వై-క్రంచర్ గానీ కొన్ని గంటలు. తేలిక బరువుకు కోర్‌సైక్లర్. ఇది ఒక్కో కోర్‌నూ విడివిడిగా పట్టి పరీక్షిస్తుంది, రాత్రి పెట్టి పడుకోండి. మరో రోజు మిషన్‌ను ఖాళీగా వదిలేయండి, స్లీప్‌లో పెట్టి లేపండి. అప్పుడు మీ అసలు పని మొదలుపెట్టండి.

హ్యాంగ్ కాకపోతే స్థిరంగా ఉన్నట్టే అనుకోకండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో అడుగున విండోస్ హార్డ్‌వేర్ ఎర్రర్స్ అనే వరుస ఉంటుంది. ఈవెంట్ వ్యూయర్‌లో అయితే డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పేరుతో కనిపిస్తాయి. అక్కడ ఒక్క ఎర్రర్ నమోదైనా, దాన్ని మిషన్ సరిదిద్దుకున్నా సరే, ఆ సెట్టింగ్ నాకు ఫెయిలే. ఈ విషయంలో నేను కఠినంగా ఉంటాను. లెక్క తప్పుతున్న ప్రాసెసర్ ప్రతిసారీ బ్లూ స్క్రీన్ చూపించదు. నిశ్శబ్దంగా ఒక ఫ్రేమ్‌లో మచ్చ వేస్తుంది, ప్రాజెక్టు ఫైలును సగం చెడగొట్టి సేవ్ చేస్తుంది, ఆ చెడిపోయిన ఫైలే బ్యాకప్‌లోకి కూడా వెళ్తుంది. పెళ్లి వీడియో తీసినవాళ్లు ఆ పెళ్లి మళ్లీ చేయించలేరు కదా. ప్రయోగాలు చేసే రోజుల్లో అసలు పని ఫైళ్లు ఉన్న డ్రైవును ఊడదీసి పక్కన పెట్టండి.

ఇక మన ఎండలు. విదేశీ వెబ్‌సైట్లలో మీరు చూసే ఉష్ణోగ్రతలు చాలావరకు 20, 22 డిగ్రీల గదుల్లో కొలిచినవి. లిక్విడ్ కూలర్ అయినా ఎయిర్ కూలర్ అయినా చిప్‌ను గది కన్నా చల్లగా చేయలేదు. గది ఎంత ఉంటే దాని మీద ఇంత అని కలుస్తుంది. అక్కడ 22 డిగ్రీల గదిలో 85 చూపించిన అమరిక, మే నెలలో 38 డిగ్రీలున్న మన గదిలో 101 కావాలి. 14900కె 100 దగ్గర తనే స్పీడు తగ్గించుకుంటుంది, కాబట్టి వెంటనే కాలిపోదు. కానీ ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ వేడి జంటగా గంటల తరబడి ఉంటే ముందు చెప్పిన అరుగుదల వేగం పుంజుకుంటుంది.

విజయవాడలో ఒక ఆర్కిటెక్టు ఆఫీసు మిషన్ డిసెంబరులో అన్ని పరీక్షలూ నెగ్గింది. వాళ్ల అబ్బాయి పెట్టిన ఆఫ్‌సెట్ అంచు మీద ఉంది. ఏప్రిల్ రెండో వారం నుంచి మధ్యాహ్నాల్లో మాత్రమే క్రాష్ కావడం మొదలైంది. వేడెక్కిన చిప్‌కు అదే స్పీడుకు కాస్త ఎక్కువ వోల్టేజీ కావాలి. చలికాలంలో బొటాబొటిగా సరిపోయింది ఎండల్లో చాలలేదు. మీ సెట్టింగులను ఏడాదిలో అత్యంత వేడి రోజున, మధ్యాహ్నం రెండింటికి, తలుపులు మూసిన గదిలో పరీక్షించండి. ఇప్పుడు చలికాలమైతే రేడియేటర్ ఫ్యాన్ల వేగం సగానికి తగ్గించి, చిప్ 95 దగ్గర ఉండేలా చేసి చూడండి.

ఏసీ లేదన్నారు కాబట్టి నేనైతే మార్చి నుంచి జూన్ దాకా మీ మిషన్‌కు పీఎల్1, పీఎల్2 రెండూ 200 వాట్లకు దించుతాను. వోల్టేజీ తగ్గించిన చిప్ 200 వాట్లలో పోగొట్టుకునే స్పీడు మీరు భయపడేంత ఉండదు. బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు సేవ్ చేసుకోండి, ఎండాకాలానికి ఒకటి, మిగతా కాలానికి ఒకటి. రేడియేటర్ రెక్కల్లో దుమ్మును రెండు నెలలకోసారి బ్లోయర్‌తో కొట్టండి, ఆ సమయంలో ఫ్యాన్లు తిరగకుండా వేలితో పట్టుకోండి. పంపు ఉన్న భాగం రేడియేటర్ కన్నా ఎత్తులో ఉండకూడదు. ఉంటే లోపలి గాలి బుడగలు పంపులో చేరుతాయి.

కరెంటు సంగతి కూడా. మీ మిషన్, గ్రాఫిక్స్ కార్డు కలిసి రెండర్‌లో 600 వాట్లు దాటవచ్చు. బజారులో ఎక్కువగా దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లే. కరెంటు పోయిన క్షణంలో అది బరువు మోయలేక ఆగిపోతుంది, మీరేమో అండర్‌వోల్ట్ తేడా కొట్టిందని అనుకుంటారు. 1500 వీఏకు తగ్గకుండా తీసుకోండి. ఎర్తింగ్ సరిగా లేని సాకెట్ మీద ఏ ప్రయోగమూ చేయకండి.

ప్రాసెసర్ ప్రయోగంతో ర్యామ్ ప్రయోగాన్ని కలపకండి. ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన స్పీడుకు తెచ్చే ప్రొఫైల్) కూడా ఓవర్‌క్లాకింగే. మీ చిప్ అధికారికంగా డీడీఆర్5-5600 వరకు. ప్రాసెసర్ పని పూర్తయ్యే దాకా ఎక్స్‌ఎంపీ ఆపేసి ఉంచండి, లేకపోతే ఎర్రర్ ఎవరిదో తేలదు. ప్రాసెసర్ స్థిరపడ్డాక ఎక్స్‌ఎంపీ వేసి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష పూర్తిగా నడపండి. 64 జీబీ నాలుగు స్టిక్కులుగా ఉంటే ఎక్స్‌ఎంపీ స్పీడు నిలబడకపోవడం మామూలే. 32 జీబీ స్టిక్కులు రెండు ఉండడం ఎప్పుడూ మేలు.

ఇది చదివే రైజెన్ (ఏఎమ్‌డీ ప్రాసెసర్లు) వాళ్ల కోసం కొంచెం. 7950ఎక్స్ బరువు పడితే 95 డిగ్రీలకు చేరడం దాని డిజైనే, కంగారుపడకండి. మీకు వోల్టేజీ తగ్గించే పరికరం కర్వ్ ఆప్టిమైజర్. ఒక్కో అంకె సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. అందరూ రాసే మైనస్ 30ని అన్ని కోర్లకూ ఒకేసారి పెట్టకండి. మైనస్ 10తో మొదలుపెట్టి కోర్‌సైక్లర్‌తో ఒక్కో కోర్‌నూ విడిగా చూసుకుంటూ వెళ్లండి. పైగా 170 వాట్ల చిప్‌ను ఎకో మోడ్‌లో 105 వాట్లకు దించితే మన ఎండలకు చక్కగా సరిపోతుంది. 2023 ఏప్రిల్‌లో ఏఎమ్5 (కొత్త రైజెన్ల సాకెట్) బోర్డుల మీద ఎక్స్3డీ చిప్‌లు కొన్ని కాలిపోయిన తర్వాత ఎస్‌ఓసీ (చిప్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగం) వోల్టేజీని 1.30 వోల్టులకు కట్టడి చేస్తూ బయోస్‌లు వచ్చాయి. ఎక్స్‌పో (ఎక్స్‌ఎంపీ లాంటి ఏఎమ్‌డీ ప్రొఫైల్) వేసేవాళ్లు ఆ అంకె దాటలేదని స్వయంగా చూసుకోండి.

వారంటీ గురించి దాచకుండా చెప్పాలి. నిర్దేశిత పరిమితులు దాటి నడపడం వల్ల కలిగే నష్టం ఇంటెల్, ఏఎమ్‌డీ రెండింటి వారంటీలోకీ రాదు. వోల్టేజీ తగ్గించడం చిప్‌ను కాల్చే పని కాదు. తప్పితే అస్థిరత వస్తుంది, డిఫాల్ట్‌కు తిప్పితే పోతుంది. పెంచడంలో జరిగే నష్టం మాత్రం వెనక్కి రాదు. నా మొగ్గు ఇటు ఉండడానికి పెద్ద కారణం ఇదే.

మొదలుపెట్టే ముందు డిఫాల్ట్ సెట్టింగుల్లో సినీబెంచ్ స్కోరు, గరిష్ఠ వోల్టేజీ, గరిష్ఠ ఉష్ణోగ్రత, గది ఉష్ణోగ్రత నాలుగూ రాసి పెట్టుకుని ఇక్కడ పెట్టండి. వాటిని చూస్తే మీ చిప్‌కు ఎంత ఆఫ్‌సెట్ ఆశించవచ్చో చెప్పగలను. ఆ తర్వాత బయోస్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ మీరు పెట్టిన సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. పాత ప్రొఫైల్‌ను నేరుగా లోడ్ చేయకుండా, ఫోనులో తీసి పెట్టుకున్న ఫోటోలు చూసి ఒక్కొక్కటీ చేత్తో తిరిగి ఇవ్వండి.